పగులులో కుక్కిన ఉన్ని

రెండువేల ఎనిమిదవ సంవత్సరం, అక్టోబరు ఇరవై మూడవ తేదీ, గురువారం. స్థలం: జర్‌తూబు గ్రామం, కొండచరియ కింద కాలిచ అనే ఆవిడ ఇల్లు. హాజరైనవారు: జిల్లా విపత్తుల విభాగం నుంచి ఇంజనీరు ఎషిమ్ జపారొవ్, గ్రామపెద్ద మోల్దోకుల్, ఇంటి యజమానురాలు కాలిచ, ఆమె కోడలు గుల్సున్, ఊరి బడిలో భూగోళం చెప్పే నేను. గుల్సున్ కూతురు, ఆరేళ్ల బెర్మెత్ కూడా గదిలోనే ఉంది గాని, పిల్లల పేర్లు పంచనామాకు ఎక్కవు కనుక రాయలేదు.

ఆ పంచనామా నా చేతిరాతలోనే ఉంది. అందులో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

కాలిచ ఇంటి వెనకగోడకు, కొండకు నడుమ మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు మాత్రమే ఉంటుంది. ఆ సందుకు పైన, ఇంటికప్పు మీదికి ఒరిగినట్టుగా, కొండనుంచి ముందుకు చొచ్చుకు వచ్చిన ఒక నల్లరాతి బండ ఉంది. ఇంటికంటె పెద్దది. ఊరు దానిని ముసలాయన అంటుంది. ముసలాయన వీపుకు, కొండకు మధ్య నిలువునా ఒక పగులు. ఆ పగులులోంచి మెలితిరిగి లేచిన అర్చా అనే సూదాకుల చెట్టు. దాని ఆకు పొగవేస్తే దిష్టి పోతుందని మావాళ్ల నమ్మకం. చెట్టు కొమ్మలనిండా మొక్కుకున్నవాళ్లు కట్టిన గుడ్డపీలికలు.

ఇంజనీరును రప్పించిన అర్జీ నా పేరుతో వెళ్లింది. మాట మాత్రం గుల్సున్‌ది. వేసవి మేతబీళ్లనుంచి ఊరు దిగివచ్చాక, కూతురిని బడిలో చేర్చడానికి వచ్చి, వరండాలో ఎవరూ లేని సమయం చూసి చెప్పింది.

"మాస్టారూ, రాయి లోపల ఎవరో అక్రోటు కాయలు కొడుతున్నట్టు చప్పుడు. పోయిన చలికాలమంతా విన్నాను. బెర్మెత్ గోడకి చెవి పెట్టి, 'అమ్మా, తాత పళ్లు కొరుకుతున్నాడు' అంటుంది."

"మీ అత్తగారితో చెప్పావా?"

"చెప్పాను. 'ముసలాళ్లకి కీళ్లు చప్పుడు చెయ్యవా?' అంది. ఆవిడ నా మాట వినదు. ఏమీ అనుకోకండి, మీ మాటా వినదు. కాగితం మాట వింటుంది. చిన్నప్పుడు ఒకసారి విన్నారట, వాళ్ల ఇంటిల్లిపాదీ. ఇల్లు ఖాళీ చెయ్యమని ముద్ర వేసిన కాగితం ఒక్కటి తెప్పించండి. అంతే చాలు."

ఆమె భర్త సతార్ గొర్రెలమందతో శీతాకాలపు దొడ్డికి పోతే మళ్లీ వసంతానికి గాని ఊరు చూడడు. ఫోను అందని చోటు. ఆ నెలల్లో ఇంట్లో అత్త మాటే శాసనం. కోడలు అత్త అనుమతి లేకుండా గడప దాటి పుట్టింటికి పోతే, కాపురం వదులుకున్నట్టు లెక్క. బిడ్డ మాత్రం తండ్రి ఇంటి పొయ్యికి చెందుతుంది. గుల్సున్ పోగలదు. బెర్మెత్‌ను వెంట తీసుకుపోయే వీలు లేదు. కాబట్టి ఆమెకు కావలసినది కాగితమే.

అక్టోబరులో కాగితానికి బదులు ఎషిమ్ వచ్చాడు. ముప్పై ఏళ్ల కుర్రవాడు, మర్యాదస్థుడు. బూట్లు గుమ్మంలో విడిచి, భోజనపు గుడ్డ ముందు మోకాళ్లు ముడిచి కూర్చున్నాడు.

"రాయిని చూడ్డానికొచ్చారా, రొట్టె తినడానికొచ్చారా?" అంది కాలిచ అపా; పెద్దవయసు ఆడవాళ్లను మేము అపా అంటాము. "ముందు రొట్టె కానివ్వండి. రాయి ఎక్కడికీ పోదు, రొట్టె చల్లారిపోతుంది."

"అది పోతుందేమోననే వచ్చాం అపా," అన్నాడు మోల్దోకుల్.

"నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మా ఇట్లాగే ఏడ్చింది, ఈ పిల్లాడు నిలవడేమోనని. నిలిచావుగా, గోలెమంత పొట్టేసుకుని."

ఎషిమ్ నవ్వు ఆపుకుంటూ ఫారం బయటికి తీశాడు. రాయి జాతి, కొలతలు, పగులు వెడల్పు, కింద ఉన్న కట్టడాలు, అన్నిటికీ గడులున్నాయి. చివరిదానికి ముందు గడి పైకి చదివాడు: "రాయి పడగల కాలం."

"నీకు పెళ్లయిందా నాయనా?"

"అయిందపా."

"మీ అత్తగారు పోయే కాలం ఏ గడిలో రాసుకున్నావు?"

మోల్దోకుల్ పొలమారి దగ్గాడు. గుల్సున్ తలవంచుకుని టీ పోస్తూనే ఉంది. మా పద్ధతిలో గౌరవమున్న అతిథికి గిన్నె అడుగున కొంచెమే పోస్తారు, మళ్లీ మళ్లీ అందించడానికి వీలుగా. అంచుదాకా నింపి ఇస్తే ఇక లేవమని అర్థం. ఆ రోజు ఆమె చేతినుంచి నాకు వచ్చిన గిన్నె అంచుదాకా నిండి ఉంది.

"ఏమే, మాస్టారిని పొమ్మంటున్నావా?" అంది అత్త.

గుల్సున్ ఉలిక్కిపడి గిన్నె వెనక్కి తీసుకుంది. కొంత ఒలికింది.

టీ అయ్యాక అందరం పైకి ఎక్కాము. చెట్టుకు ఎవరు హాని చేస్తారో చూస్తానని కాలిచ అపా కర్రపట్టుకుని ముందు నడిచింది. ఎషిమ్ సామాను సంచి గుల్సున్ మోసింది.

దూరంనుంచి ముసలాయన ఒక్క ముక్కగా కనిపిస్తాడు. దగ్గరకు వెళ్లి చేయి ఆనించినవాడికి ఆ భ్రమ ఉండదు. రాయి ఒంటిమీద నారింజరంగు రాతిపువ్వు మచ్చలు మచ్చలుగా పట్టి ఉంది. గోటితో గీకితే పువ్వుతోపాటు ఉప్పురవ్వల్లాంటి రాతిపలుకులు రాలివస్తాయి. పగటి ఎండకు పైపొర సాగుతుంది, రాత్రి చలికి ముడుచుకుంటుంది, లోపలి రాయికి ఆ సంగతి తెలియదు. అలా తెలిసిన పొర, తెలియని రాయి ఒకదానినొకటి వదిలేసుకుంటాయి. వాననీరు రాతిలోని తెల్లటి గింజలను మెల్లగా బంకమట్టి చేస్తుంది. గాలి తెచ్చిన ధూళి పగులులో చేరుతుంది, ఆ ధూళిలో ఒక గింజ పడుతుంది. విశ్వవిద్యాలయంలో శిలాశైథిల్యం అనే ఒక్క మాట కింద ఇవన్నీ చదివాను. చదివినప్పుడు అది చరిత్రలా అనిపించింది, జరిగిపోయినదానిలా. చేతికింద రాలుతున్నప్పుడు అలా అనిపించదు.

పగులులోకి దిగినచోట అర్చా వేరు గుండ్రంగా లేదు. అప్పడాల కర్రతో ఒత్తిన పిండిలా చదునై, రెండు రాతిగోడలకూ అంటుకుని, ఎంత సందుంటే అంత తానై లోపలికి పోయింది. దాని మొదట్లో నేల ఇంకా తడిగా ఉంది. వేసవి మేతబీళ్లనుంచి క్షేమంగా దిగివచ్చిన ప్రతి ఇల్లూ అక్కడి ఊటనీళ్లు తెచ్చి, తొలిమంచుకు ముందు ఈ చెట్టు మొదట్లో పోయాలి. వేసవంతా కాచావు, చలికాలం కూడా కాయమని వేడుకోవాలి. ఒకప్పుడు తోలుతిత్తుల్లో తెచ్చేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాక మరింత ఎక్కువ తెస్తున్నారు.

ఎషిమ్ ఇనుప కొలతపట్టీని పగులులోకి దింపాడు. కొంతదూరం పోయి ఆగింది. పక్కకు జరిపి మళ్లీ దింపాడు. మళ్లీ అక్కడే ఆగింది, మెత్తగా. కొక్కెం కట్టిన తీగతో కెలికి లాగితే ఎర్రటి తడిముద్ద ఒకటి ఊడి వచ్చింది.

"ఇదేంటి మాస్టారూ? రాయికి ఉన్ని మొలిచిందా?"

దానిమీద పొట్టేలుకొమ్ము ముగ్గు సగం కనిపిస్తోంది. అది తివాచీ ముక్క.

"అది నా పెళ్లి తివాచీ," అంది కాలిచ అపా, ఏ దాపరికమూ లేకుండా, కొంత గర్వంగానే. "వరసగా మూడేళ్లు వానల్లేవు కదా. చెట్టు చిగుళ్లు ఎర్రబారాయి. పోసిన నీళ్లు పోసినట్టే కింది సందులోంచి కారిపోయి మా వెనకగోడ తడుస్తోంది, చెట్టు గొంతు మాత్రం తడవట్లేదు. అందుకని తివాచీ కోసి కిందా పక్కలా కుక్కించాను. పైన బంకమట్టి మెత్తించాను. ఇప్పుడు చుక్క కారదు. చూడు, ఈ ఏడు ఎట్లా పచ్చబడిందో!"

నిజంగానే చెట్టు పచ్చగా ఉంది.

"ఎవరు కుక్కారు?" అన్నాడు ఎషిమ్.

"ఊరంతా తలో చెయ్యీ వేసింది. మట్టి మోసింది ఎవరనుకున్నావు? ఇదిగో, ఈ పెద్దమనిషి గాడిదే."

"గాడిద మోసిందపా, నేను కాదు," అన్నాడు మోల్దోకుల్ నేలచూపులు చూస్తూ.

"తోలింది నువ్వేగా. లోపలికి దిగింది మా గుల్సున్. సన్నంగా ఉంటుంది కదా, అదొక్కతే పట్టింది ఆ సందులో."

"ఈ ఏడు నీళ్లు పోశారా?"

"పోయిన వారమే. ఒక్క ఇల్లూ మిగల్లేదు."

ఎషిమ్ నా ముఖంలోకి చూశాడు. నేను మొక్కులకు వెళ్లేవాడిని కాను. నా కిటికీలోంచి కనిపించే చెట్టు కింద జరిగినది నాకు అప్పుడే తెలిసింది. నాకంటె ముందు గుల్సున్ మాట్లాడింది, అత్తకు వినిపించనంత మెల్లగా.

"చప్పుడు పోయిన చలికాలమే కదా మాస్టారూ మొదలైంది."

"అవును."

"ఉన్ని కుక్కింది దానికి ముందు, ఆకు రాలేటప్పుడు."

ఆమె తన అరచేతుల వైపు చూసుకుంది.

"గట్టిగా కుక్కాను," అంది. "చుక్క కారకూడదని, కాలితో తొక్కి మరీ కుక్కాను."

పొద్దు వాలకముందే ఎషిమ్ పగులుకు అడ్డంగా, చెట్టునుంచి కాస్త దూరంలో, తెల్లటి ప్లాస్టర్ పట్టీ ఒకటి వేశాడు. ఆ పట్టీ ఒక కొస కొండమీద, ఇంకొక కొస ముసలాయన మీద. గట్టిపడ్డాక రాయి వెంట్రుకవాసి కదిలినా ప్లాస్టర్ విరుగుతుంది.

"తెల్లారేసరికి విరిగితే 'కదులుతోంది' అని రాస్తాను," అన్నాడు నాతో, దిగేటప్పుడు. "కదులుతోందని రాస్తే ఇక ఎవరి ఇష్టంతోనూ పని లేదు. జిల్లావాళ్లు ఇల్లు ఖాళీ చేయించి తీరాలి. ముసలావిడ కాదన్నా ఎత్తుకొచ్చి బండెక్కిస్తారు."

"విరగకపోతే?"

"'పగులు ఉన్నది' అని రాస్తాను. పగుళ్లు లేని కొండ ఏదండీ ఈ జిల్లాలో?"

సంచీ మోస్తూ మా వెనక వస్తున్న గుల్సున్ ఈ మాటలన్నీ విన్నది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర, నీరు రాయిని ఎలా చీలుస్తుందో కాలిచ అపాకు చెప్పవలసిన పని నామీద పడింది. తరగతిలో చెప్పినట్టే మొదలుపెట్టాను. గడ్డకట్టిన నీటికి ఎక్కువ చోటు కావాలని ఇంకా అనకముందే ఆవిడ చేయెత్తి ఆపింది.

"ఉండు ఉండు. నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడు మా అత్త రాగి కూజా నీళ్లతో బయట మరిచాను. పొద్దున చూస్తే అతుకు దగ్గర ఇంత నోరు తెరుచుకుని ఉంది. సతార్ వాళ్ల నాన్న మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అదేనా నువ్వు చెప్పేది?"

"అదే అపా."

"అయితే చెప్పడానికేముంది, దీనికి యూనివర్సిటీ ఎందుకు?" అని నవ్వింది. తరవాత నవ్వు ఆగిపోయింది. చేతిలోని ఊచతో నిప్పులు కదిపి, మెల్లగా అంది: "అంటే నేను ముసలాయన నోట్లో నీళ్లు పోసి, మూతి బిగించి కట్టి, చలిలో పడుకోబెట్టాను."

పక్కన బెర్మెత్ పాచికల్లా ఆడే గొర్రె మడమ ఎముకలు విసిరి ఆడుకుంటోంది.

"సరే, ఉన్ని లాగేస్తే?"

"రేపు ప్రయత్నిస్తాను," అన్నాడు ఎషిమ్. "కానీ ఒక చలికాలం గడిచిపోయింది. ఐసు తెరిచిన చోటల్లా సన్నరాళ్లు లోపలికి జారి ఉంటాయి. ఇప్పుడు ఐసు కరిగినా రాయి వెనక్కి రాదు, మధ్యలో చీలలు కొట్టినట్టే."

"చెట్టు నరికితే? నరకనివ్వను, ఊరికే అడుగుతున్నాను."

"నరికితే వేరు లోపల కుళ్లుతుంది. కుళ్లిన చోట ఖాళీ. ఖాళీలో మళ్లీ నీళ్లు. నరకకపోతే ఏటేటా లావవుతుంది. ఇన్నాళ్లూ రాయిని చీల్చిందీ ఆ వేరే, పట్టుకుని ఉందీ ఆ వేరే అపా. ఎంత చీల్చిందో, ఎంత పట్టుకుందో విడదీసి చెప్పడం నా వల్ల కాదు."

"మందు పెట్టి పేలిస్తే?"

"ఇల్లు కింద ఉందిగా."

"అయితే ఖాళీ చెయ్యమంటావు."

"మాట వింటే బాగుంటుంది."

ఆవిడ ఊచ పక్కన పెట్టింది. "మా నాన్నది పైలోయ. మా ఊరి మీద ఇట్లాంటి బండే ఉండేది. నాకు తొమ్మిదో పదో ఏళ్లున్నప్పుడు కాగితం వచ్చింది, ముద్రతో. దిగి మైదానానికి పొమ్మంది. పోయాం. అక్కడ రాళ్లు లేవు, కనుచూపు మేర చదును. మా నాన్న ఎంత మురిసిపోయాడో! పిల్లలు తలెత్తి చూడక్కర్లేదు అన్నాడు. రెండో వేసవిలో బురదవాగు వచ్చింది. పొలం నుంచి నేనూ నాన్నా పరిగెత్తుకొచ్చేసరికి ఇల్లు లేదు. అమ్మా, ఇద్దరు తమ్ముళ్లూ లేరు." గొంతు ఏమాత్రం మారలేదు. "పెళ్లయి ఇటు వచ్చేదారిలో చూశాను. మా పైలోయ బండ ఉన్నచోటే ఉంది. ఇప్పటికీ ఉంది. కావాలంటే పోయి చూసుకో."

"అది వేరు, ఇది వేరు అపా," అన్నాను.

"నాకు తెలీదా వేరని? మాస్టారూ, నువ్వు మంచోడివి, చదువుకున్నోడివి. ఈ రాయి నాకు కనబడుతోంది. మీరు పొమ్మనే చోట ఏముందో నాకు కనబడదు. అంతే తేడా."

బడిలో సామాను గది ఒకటి ఖాళీగా ఉంది, వసంతందాకా అక్కడ ఉండవచ్చని మాత్రం అన్నాను.

"సతార్ దిగివచ్చేసరికి వాడి ఇంటి పొయ్యి ఆరిపోయి ఉండాలా? పొగగొట్టం చూసుకుంటూ కదా కొండ దిగేది వాడు!"

మోల్దోకుల్ గొంతు సవరించుకున్నాడు. "పోనీ, గుల్సున్‌నీ పిల్లనీ నాలుగు నెలలు వాళ్ల పుట్టింటికి..."

"మంచు పడ్డాక పుట్టింటికా? ఊరేమంటుందో నీకు తెలియనట్టు మాట్లాడకు. దానికి పోవాలనుంటే పొమ్మను, నేను చెయ్యి పట్టుకుని ఆపను. పిల్ల మాత్రం ఈ పొయ్యి దగ్గరే ఉంటుంది. పిల్లని పంపేస్తే, రేపు సతార్ వచ్చి అడిగితే ఏం చెప్పాలో మీరే ఆలోచించుకోండి."

గుల్సున్ లేచి టీ గిన్నెలు పోగుచేసి బయటికి తీసుకుపోయింది.

మరునాడు సూర్యుడు కొండమీదికి రాకముందే ఎషిమ్, నేను పైకి వెళ్లాము. గడ్డిమీద మంచు కరకరలాడుతోంది. చెట్టు దగ్గర గుల్సున్ ముందే ఉంది. ప్లాస్టర్ పట్టీకి ఎదురుగా మోకాళ్లమీద కూర్చుని ఉంది. పక్కన పిడికిలంత రాయి ఒకటి.

పట్టీ నడిమికి విరిగి ఉంది.

ఎషిమ్ ఆమె పక్కనున్న రాతిని చూశాడు. ఆమె ఆ చూపును చూసింది.

"కొడదామనే వచ్చాను," అంది. పరాయి మగవాళ్ల ముందు ఆమె గొంతు పెంచి మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. "అబద్ధం ఎందుకు చెప్పాలి? మీ మాట విన్నాను కాబట్టి రాయి పట్టుకునే వచ్చాను. వచ్చేసరికే విరిగి ఉంది. దేవుడిమీద ఒట్టు, నేను ముట్టుకోలేదు. విరిగింది కదా? ఇంక రాయండి."

ఎషిమ్ వంగి, విరిగిన అంచును వేలితో తడిమాడు. అది పంచదారలా పొడిపొడిగా రాలింది. మరొకచోట నొక్కాడు. అక్కడా రాలింది.

"అక్కా, నీ మాట నమ్ముతున్నాను," అన్నాడు చివరికి. "నువ్వు కొట్టలేదు. కానీ బండ కూడా కదిలి విరగ్గొట్టలేదు. గట్టిపడకముందే ప్లాస్టర్ చలికి గడ్డకట్టింది. దానంతటదే విరిగింది."

"దానంతటది ఎట్లా విరుగుతుంది?"

"లోపలున్న నీళ్లవల్ల," అన్నాను నేను. చెప్పకుండా ఉంటే బాగుండేదని వెంటనే అనిపించింది.

ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "రాయిని చీల్చే నీళ్లు రాయి చీలిందన్న సాక్ష్యాన్ని కూడా చీల్చాయా? మంచి నీళ్లు మాస్టారూ."

"రాసేయి ఎషిమ్," అన్నాను. "విరిగింది. విరిగిందనే రాయి. ఎందుకు విరిగిందో గడి లేదు కదా."

"ఫొటో జతచెయ్యాలండీ. చూడగానే తెలిసిపోతుంది, ఇది చలికి పిండైన ప్లాస్టర్ అని. కాగితం వెనక్కి వస్తుంది. ఆ తరవాత ఈ ఊరి నుంచి అర్జీ వచ్చిందంటే ఎవరూ కవరు కూడా చింపరు." సంచి మూతి కట్టాడు. "ఇక చలి తగ్గేదాకా ప్లాస్టర్ నిలవదు. వసంతంలో వస్తాను. అప్పుడు సరిగ్గా వేస్తాను."

వసంతంలోనే కరిగిన ఐసు రాళ్లను వదిలేస్తుందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆమె ముందు ఆ మాట అనలేదు.

వెళ్లేముందు ఉన్ని లాగే ప్రయత్నం చేశాడు. పక్కనుంచి ఒక గుడ్డముక్క వచ్చింది, దాని వెనక మట్టిరంగు నీరు సన్నగా కొంత కారి ఆగిపోయింది. రెండవ ముక్క కొక్కేనికి తగిలి బిగుసుకుంది. బలంగా గుంజాడు. లోపలెక్కడో కొన్ని గులకరాళ్లు గలగలమని చాలా కిందికి జారాయి. ఆ వెంటనే, ఎవరో అక్రోటు కాయ ఒకటి పగలగొట్టినట్టు, టప్‌మని ఒక్క చప్పుడు.

ఎషిమ్ తీగ వదిలేశాడు. ముగ్గురం కింద ఇంటి పొగగొట్టం వైపు చూశాము. పొగ నిటారుగా లేస్తోంది. బెర్మెత్ వాకిట్లో కోళ్లకు గింజలు చల్లుతోంది.

"ఇంక ముట్టుకోను," అన్నాడు. "ఇప్పుడు దేనిని ఏది పట్టుకుని ఉందో నాకు తెలియదు."

గుల్సున్ తాను తెచ్చిన రాతిని తీసుకుని, చెట్టు మొదట్లో, అందరూ మొక్కుకుని పెట్టిన గులకరాళ్ల పక్కన పెట్టింది. అలవాటు వల్ల పెట్టిందో, ఇంకెక్కడ పెట్టాలో తోచక పెట్టిందో.

పంచనామా ఆ పూటే ముగించాము. నేను రాస్తుంటే ఎషిమ్ చెప్పాడు. రాయి పడగల కాలం అన్న గడిలో 'నిర్ణయించజాలము' అని రాయించాడు. సూచనలలో రెండు: చెట్టుకు నీరు పోయరాదు, చలికాలంలో ఇంటివారు కొండవైపు గదిలో గాక ముందుగదిలో పడుకోవలెను.

"ముందుగదిలోనా?" అంది కాలిచ అపా. "ముసలాయన లేచి నడిస్తే వెనకగదిలో ఆగుతాడా?"

"ఆగడపా," అన్నాడు ఎషిమ్. "కానీ చిన్న రాళ్లు ముందు పడితే, లేచి పరిగెత్తడానికి ఒక గోడంత వ్యవధి ఉంటుంది. నేను రాయగలిగింది అంతే."

ఆ నిజాయితీ ఆవిడను మెత్తబరిచింది. "సరే. ఒక గోడ నీకిస్తాను," అంది. "గుల్సున్, పరుపులు ముందుగదిలోకి మార్చు. పిల్లది గుమ్మం పక్కన."

ఆ ఇంటినుంచి మేము సాధించినది అది ఒక్కటే.

మొదట ఎషిమ్, తరవాత మోల్దోకుల్, తరవాత నేను సంతకాలు చేశాము. కాలిచ అపా కలం తీసుకుని, ఒక్కొక్క అక్షరాన్నీ గింజ నాటినట్టు నొక్కి రాసింది. ఆవిడ వంతు నకలు ఆవిడ చేతికి ఇచ్చాము. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో బెర్మెత్ పేరుందా?"

"పిల్లల పేర్లు రాయరపా."

"రాయి."

నేను ఎషిమ్ వైపు చూశాను. అతను కిటికీ వైపు చూశాడు. సంతకాల కింద మిగిలిన ఖాళీలో, ఏ గడికీ చెందని చోట, రాశాను: బెర్మెత్, ఆరేళ్లు, ఈ ఇంటిలో ఉన్నది. గుల్సున్ పరుపు చుట్ట ఎత్తుకుని గుమ్మం దాటబోతూ ఆగి, నేను రాయడం అయ్యేదాకా నిలబడి, మళ్లీ నడిచింది.

సిరా ఆరేదాకా కాలిచ అపా కాగితాన్ని పొయ్యి సెగకు దూరంగా పట్టుకుంది. తరవాత దానిని నాలుగు మడతలుగా మడవలేదు. ముల్లా రాసి ఇచ్చిన తాయెత్తును మడిచినట్టు, మూల మీదికి మూల తెచ్చి, ముక్కోణంగా, ఇక మడత పడనంత చిన్నదిగా మడిచింది. వెనకగదిలోకి వెళ్లి, కొండవైపు గోడకు ఆనించి ఉన్న పెళ్లిపెట్టె మూత ఎత్తి, తివాచీ కోయగా మిగిలిన ముక్క మడతలో ఆ కాగితం పెట్టి, మూత వేసింది.